సన్మాయకు రావలసిన రోజు

దేవుడు ఒక ఊళ్ళో సంఘం నాటాలనుకున్నప్పుడు దిక్కులేని ఇళ్ళనే ఎందుకు వెతుక్కుంటాడన్నది ఏళ్ళ తరబడి నాకు తెగని సందేహం. ఆయన మమ్మల్ని ఏరుకుంటాడా, లేక ఇంకెక్కడా చోటు దొరకనివాళ్ళమే ఆయన దగ్గరికి చేరతామా? పాస్టరు గారిని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, ప్రార్థన చేద్దాం అన్నారు. చేశాం. సందేహం పోలేదు.

మా ఊరి సంఘమంటే మూడిళ్ళు. చేతివేళ్ళు పోయిన ధనే తాత, మొగుడు వదిలేసిన బుద్ధిమాయ, పిల్లల్లేని మేమిద్దరం. మాకు సెలవైన శనివారాలు మా ఇంటి అటక మీద, వేలాడగట్టిన మొక్కజొన్న కంకుల కింద కూర్చుని పాడుకునేవాళ్ళం.

నాట్ల కాలంలో నా భార్య సన్మాయకు జ్వరం వచ్చింది. కొండచరియలు విరిగి దారి మూసుకుపోయింది. డోలీ కట్టి మోసుకుపోదామంటే భుజం పట్టే మనుషులు లేరు. ముగ్గురం మోకాళ్ళ మీద ఉండి అడిగాం. తెల్లవారేసరికి నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి చల్లబడింది.

ఆమె నా దగ్గర తీసుకున్న మాట ఒక్కటే. "నన్ను కాల్చనియ్యకు. ఆయనొచ్చి లేపే రోజున బూడిదలో ఏరుకోలేక తిప్పలు పడతాడు" అనేది నవ్వుతూ.

మా తమాంగు తెగవాళ్ళు శవాన్ని కొండ నెత్తికి తీసుకెళ్ళి కాలుస్తారు. పొద్దున్నే బౌద్ధ పూజారి లామా, ఊరి పెద్దలు వచ్చారు. చెడ్డవాళ్ళు కారు. కాల్చేటట్టయితే ఊరంతా కదులుతుంది, తలా ఒక మోపు కట్టెలు తెస్తాం అన్నారు. పూడుస్తానంటే మాత్రం అడవిలో చోటివ్వం, ఊరు తాగే ఊట పైన అసలు కుదరదు, మనిషన్నవాడు రాడు అన్నారు. లామా నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్కడివీ ఏం చేస్తావని మెల్లగా అడిగాడు.

పాస్టరు గారు కొండచరియలకు అవతల చిక్కుకుపోయారు. కాల్చినా పాపం కాదు తమ్ముడూ, నీ శక్తి కొద్దీ చెయ్యి అని ఫోనులో చెప్పారు. నాకు శక్తే లేదని చెప్పబోయేలోగా సిగ్నలు పోయింది.

ఊటకు కిందగా, ఇంటి వెనక నాకు కొంచెం మొక్కజొన్న చేను ఉంది. సొంత నేల గనక ఎవరూ అడ్డు చెప్పలేదు. కొన్ని వరసల మొక్కలు పెరికి తవ్వడం మొదలుపెట్టాను. పై మట్టి పోగానే అంతా రాయి. ధనే తాత రెండు అరచేతుల మధ్య తట్ట ఇరికించుకుని మట్టి ఎత్తాడు. బుద్ధిమాయ పార పట్టింది. వాన ఆగలేదు. తీసిన మట్టిలో సగం జారి మళ్ళీ గుంటలోకే వచ్చేది. మధ్యాహ్నమైనా మోకాలి లోతు రాలేదు. ఊరివాళ్ళు పై గట్ల మీద గొడుగులు పట్టుకుని చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, కోపమైనా వచ్చేది.

ఇక నావల్ల కాదు, వాళ్ళనే పిలువు, కొండ మీదికే తీసుకెళ్తామని బుద్ధిమాయకు చెప్పబోతున్నాను. అప్పుడు భుజాన పలుగుతో ఫుర్బా గట్టు దిగి వచ్చాడు.

ఫుర్బా సన్మాయ తమ్ముడు. మేం సంఘంలో చేరిన ఏడాది ఆమె వాడి మడిలో నాట్లకు వెళ్ళింది. ఈరోజు నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు. మా దగ్గర దాన్ని పర్మ అంటారు. వాడు బదులుకు రావలసిన రోజుకు ముందే ఊరు మా ఇంటితో పర్మ మానేసింది. అప్పటినుంచి వాడు మా గడప తొక్కలేదు, మా ఇంటి నీళ్ళు ముట్టలేదు. ఏటా నాట్ల వేళకు సన్మాయ దారివైపు చూసేది. మా తమ్ముడు నాకో రోజు బాకీ పడ్డాడు, ఎగ్గొట్టే రకం కాదు అనేది. నేను నవ్వేవాణ్ణి.

పుట్టింటివాళ్ళ మాట లేనిదే మాలో శవం కదలదు. అక్కను కొండ మీదికి ఎత్తుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. వాడొచ్చి గుంటలోకి తొంగి చూశాడు.

"ఏం బావా, మీ దేవుడు సముద్రాన్నే చీల్చాడంటావుగా. ఈ కాస్త రాయి చీల్చలేడా?"

"అడిగాను. ఇంకా పలకలేదు."

"సరే, పైకి రా. నీకు పలుగు పట్టడం ఎప్పుడొచ్చింది గనక."

వాడు గుంటలో దిగాడు. పైనుంచి లామా పేరు పెట్టి పిలిచాడు. ఫుర్బా తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. తను ఈ సంఘంలో కలవడానికి రాలేదని, అక్కకు ఒక రోజు బాకీ పడి ఉన్నానని, చచ్చినవాళ్ళకు పర్మ తీర్చకూడదని ఏ పోతి గ్రంథంలో ఉందో చదివి చెప్పమని అన్నాడు. లామా గొడుగు దించుకుని వెనక్కి తగ్గాడు. మరొకరెవరూ మాత్రం కిందికి దిగలేదు.

రాయి పెచ్చులు పెచ్చులుగా లేచింది. నడుము లోతు వచ్చాక వాడు అంచున కూర్చుని చేతులు దులుపుకున్నాడు.

"అన్నమేదీ?" అన్నాడు.

నేను తెల్లబోయి చూశాను.

"పర్మకొచ్చినోడికి కూడు పెట్టరా? తినకుండా పోతే అది సాయం కింద పోద్ది బావా. నేను సాయానికి రాలేదు."

పొద్దుటినుంచి పొయ్యి రాజలేదు. బుద్ధిమాయ లేవబోతే వద్దని నేనే లోపలికి వెళ్ళాను. సన్మాయను పడుకోబెట్టిన పక్కనే పొయ్యి వెలిగించి, ఆమె విసిరిపెట్టిన రాగిపిండితో ముద్ద కెలికాను. ఎండబెట్టిన ఆకుకూర పులుసు వేడిచేసి తెచ్చాను. ఊరంతా చూస్తుండగా వాడు వానలో కూర్చుని తిన్నాడు.

"ఉండలు కట్టింది. మా అక్క చూస్తే చంపుద్ది నిన్ను" అన్నాడు. చెయ్యి మాత్రం పళ్ళెంలోంచి తియ్యలేదు. చివరి ముద్ద దాకా తిని, పళ్ళెం వాన నీటితో కడిగి ఇచ్చాడు.

చీకటి పడకముందే దింపాం. తల వైపు వాడు, కాళ్ళ వైపు నేను. గుంట అడుగున నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. ఎంత తోడినా ఆగలేదు. కొత్త చీర కట్టిన మనిషిని ఆ నీళ్ళలోనే పెట్టవలసి వచ్చింది. నా చేతనైంది అంతే. ధనే తాత పాట ఎత్తుకోగానే ఫుర్బా దూరంగా పోయి మొక్కజొన్నల్లో నిలబడ్డాడు. పాట అయ్యాక వచ్చి మట్టి తోశాడు.

దిబ్బ మీద రాళ్ళు పేర్చడం పూర్తయ్యాక తడిగడ్డితో పలుగు తుడుచుకున్నాడు. నావైపు చూడలేదు. దిబ్బ దగ్గర వంగి, లోపలికి వినబడాలన్నట్టు కాస్త గట్టిగా అన్నాడు.

"అక్కా, నీ రోజు నీకు చెల్లింది."

పలుగు భుజాన వేసుకుని గట్టెక్కి వెళ్ళిపోయాడు.