బెజ్జం పడ్డ గింజ

పూసలకు బెజ్జాలు వేసే బెజ్జాలాయన దుకాణం వరసగా రెండో రోజు కూడా తెరవలేదని తెలిసినప్పుడు పూసలత్తకు కోపం వచ్చింది గానీ భయం వేయలేదు. వేరే మాలలకు రావలసిన అడ్డపూసలు ఎవరు తెచ్చిస్తారని ఆమె గొణుక్కుంది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆ గొణుగుడే ఆమెను పొడిచేది.

వీధి వీధంతా ఆమెను పూసలత్త అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఒకటే పని, జపమాలలు గుచ్చడం, తెగినవి మళ్లీ కట్టడం. ఏ దేవుడి మాలైనా ఆమె గోడ మేకులకే వేలాడాలి. నూట ఎనిమిది పూసల మాలకు మేరుపూస ఉండాలని, జపం చేసేవాళ్లు దాన్ని దాటకుండా అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారని ఆమెకు తెలుసు. ముస్లింలు తిప్పే తస్బీలో ముప్పై మూడింటికోసారి అడ్డపూస పడాలని తెలుసు. సిలువ మాలలో పదేసి పూసల తర్వాత ఒక ఒంటరి పూస ఎడంగా నిలవాలని తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి తను మాత్రం ఏనాడూ ఒక్క పూస తిప్పి ఎరగదు. ఎవరైనా అడిగితే, "వడ్డించేవాళ్లు పంక్తిలో కూర్చుంటారా?" అనేది. ఆమెకు లెక్కే దేవుడు. గింజ తగ్గితే మాత్రం ఇల్లు పీకి పందిరేసేది.

పని నేర్పిన ముసలాయన ఆమెకు ఒక పద్ధతి అలవాటు చేశాడు. పూసల్ని పదేసి చొప్పున బుగ్గన పెట్టుకోవాలి. అప్పుడు రెండు చేతులూ దారానికీ ముడికీ ఖాళీగా ఉంటాయి. నాలుకతో ఒక్కో పూసనూ పెదవుల మీదికి తెస్తే తడి పూస దారం మొనకు ఇట్టే ఎక్కుతుంది. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో కోడలు తోడుగా పనిలో చేరింది గానీ, ఆ పద్ధతి ఆ పిల్లకు గిట్టలేదు. పూసల్ని పళ్లెంలో పోసుకుని ఒక్కొక్కటీ ఏరుకునేది.

పెద్దాసుపత్రిలో అన్ని మతాలవాళ్లకూ కలిపి ఒక ప్రార్థన గది కట్టారు. రోగుల తాలూకువాళ్లు కూర్చుని తిప్పుకోవడానికి మూడు మాలలు కావాలని ఆ గది చూసుకునే పెద్ద నర్సు వచ్చింది. నూట ఎనిమిది ఒకటి, తొంభై తొమ్మిది ఒకటి, యాభై తొమ్మిది ఒకటి. మూడూ గురివింద గింజలతోనే ఉండాలంది. ఎర్రటి గింజ, నల్లటి కన్ను, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కదా అంది. పూసలత్త సరేనంది. బెజ్జాలాయన సన్నటి సూదితో బెజ్జాలు వేసి, రెండు వందల డెబ్బై గింజలు డబ్బాలో పోసి పంపాడు. మాలలకు పోను నాలుగు మిగలాలి.

డబ్బా మూత తీయగానే కోడలు వెనక్కి జరిగింది.

"అత్తయ్యా, గురివింద విషమంటారు కదా?"

"చిన్నప్పుడు పందెం కాసి రెండు మింగాను. మర్నాటికి ఎలా వెళ్లినవి అలాగే వచ్చాయి. అరవై దాటి నీ నెత్తిన కూర్చున్నాను, నన్నేం చేసింది ఆ విషం?"

"మిమ్మల్ని ఏ విషం మాత్రం ఏం చేస్తుందిలెండి," అంది కోడలు, వినపడేంత మెల్లగా.

పూసలత్త నవ్వేసింది. ఆ వారం ఆమె కళ్లు నీరు కారుతున్నాయి, అందుకని గుచ్చడం కోడలికి వదిలి తను ముళ్లు బిగిస్తూ కూర్చుంది. పళ్లెంలోంచి ఒక్కో గింజ ఏరుతున్న కోడల్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

"ఇలా అయితే తెల్లారినట్టే! బుగ్గన పెట్టుకోవే అమ్మాయ్. నీకొక్కదానికే ఉందా నోరు?"

"మీ ముళ్లు మాత్రం బిగుతుగా పడుతున్నాయా?"

"గురివింద గింజ తన నలుపెరగదట. ముందు నీ పని చూసుకో."

కోడలు పళ్లెం పక్కకు జరిపింది. పది గింజలు తీసి బుగ్గన పెట్టుకుంది. సాయంత్రానికి రెండు మాలలు అయిపోయాయి. చూశావా అన్నట్టు పూసలత్త మీసం లేని పెదవిని వేలితో దువ్వుకుంది. మర్నాడు పొద్దున మూడోది గుచ్చుతూ కోడలు కడుపు తిప్పుతోందంది. పులిసిన మజ్జిగ తాగి ఉంటావని పూసలత్త తేల్చేసింది. మాల మాత్రం పూర్తయింది.

మధ్యాహ్నం బెజ్జాలాయన భార్య వచ్చింది. గడప లోపలికి రాలేదు.

"మొన్నటినుంచి ఆయనకు ఊపిరాడ్డంలేదు వదినా. ఆసుపత్రిలో వేశాం. ఆ గింజల పొడి పీల్చాడట. తొక్క గట్టిగా ఉన్నంతసేపే దాంతో ఏం కాదట, బెజ్జం వేస్తే లోపలి విషం బయటికొస్తుందట. మీరు చేత్తో కూడా ముట్టుకోవద్దని చెప్పడానికొచ్చాను."

పూసలత్త డబ్బా వైపు చూసింది. చిన్నప్పుడు తను మింగిన గింజలకు బెజ్జం లేదు. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్లుగా బెజ్జాల మధ్యే బతికిన తనకు తట్టలేదు. పెరట్లో కోడలు వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఒకటే ప్రశ్న అడిగాడు. "ఏమైనా మింగిందా? ఎన్ని?"

పూసలత్త సంచిలోంచి మూడు మాలలూ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లెక్క ఆమెకు కొట్టిన పిండి. నూట ఎనిమిది సరిపోయాయి. తొంభై తొమ్మిది, యాభై తొమ్మిది కూడా సరిపోయాయి. డబ్బాలో నాలుగు ఉండాలి. ఒక్కటే ఉంది. డబ్బాను బోర్లించి అడుగు తట్టింది. ఒక్కటే.

మంచం మీద కోడలి పెదవులు పాలిపోయాయి.

"మూడు జారిపోయాయి అత్తయ్యా. గొంతులోకి వెళ్లిపోయాయి. గింజలు తగ్గాయంటే మీరు తిడతారని చెప్పలేదు."

పూసలత్తకు తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది. ఈ విషానికి విరుగుడు లేదని, తమ ప్రయత్నం తాము చేస్తామని, మూడు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఇంకెవరి చేతిలోనూ పడకుండా మాలల్నీ డబ్బానీ మూట కట్టి పట్టుకెళ్లమని అక్కడి నర్సుతో చెప్పాడు. ఆయన వెనకే తెర పడింది. లోపల ఎవరో గబగబా నడుస్తున్నారు. ఆమెను బయటికి పొమ్మన్నారు.

నడవ చివర కొత్త ప్రార్థన గది తెరిచే ఉంది. గోడకు మూడు కొత్త మేకులు, మూడూ ఖాళీ. అవి తన మాలల కోసమే ఖాళీగా ఉన్నాయని పూసలత్తకు తెలుసు. అక్కడే నేల మీద కూలబడింది. తిప్పడానికి చేతిలో ఏమీ లేదు. ఏ దేవుణ్ణి ఏమని పిలవాలో కూడా ఆమెకు తెలియదు, అందరి మాలలూ కట్టింది గానీ ఒక్కరి పేరూ పలకలేదు. బొటనవేలిని చిటికెన వేలి మొదటి కణుపు మీద పెట్టింది.

"అమ్మాయ్," అంది. రెండో కణుపు. "అమ్మాయ్." మూడోది. "అమ్మాయ్."

తెర పక్కకు జరిగిన చప్పుడైంది. ఎవరివో అడుగులు మెల్లగా ఆ గది వైపు వస్తున్నాయి. ఆమె తలెత్తలేదు. కణుపులు అయిపోయాయి. బొటనవేలు వెనక్కి తిరిగింది.