ఇరవై ఏడేళ్ల పులి

నా పేరు ప్యో గుమ్‌సిల్. సియోల్‌లో పందొమ్మిదేళ్లుగా ఫోన్ సర్వేలు చేస్తున్నాను. ఒక్క దొంగ జవాబు నా చేతి మీదుగా లెక్కలోకి పోలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం!

అధ్యక్ష ఎన్నికకు ఆరు రోజుల ముందు నుంచి సర్వేలు బయటపెట్టకూడదు. ఆ గడువుకి ముందు మా ఆఖరి సర్వే ఆ రోజే, సాయంత్రం ఆరుకల్లా ముగించాలి. ఒక్కో వయసుకి ఇంతమంది అని లెక్క ఉంటుంది; అన్ని వయసులవాళ్లూ దొరికారు, ఇరవైల్లో ఉన్న మగపిల్లాడు ఒక్కడు తప్ప. ఆ వయసువాళ్లు తెలియని నంబరు ఎత్తితే ఒట్టు!

"పిన్నిగారూ, ఆ ఒక్కడినీ మీరే పట్టాలి. లేదంటే పోలింగ్ రోజు పనికి మిమ్మల్ని పిలవను," అన్నాడు మా టీమ్ లీడర్ తక్. నా కొడుకు వయసు వాడికి.

ఐదున్నరకి ఎవరో ఎత్తారు. మాకు అసలు నంబర్లు కనిపించవు.

"మీ వయసెంతండీ?"

"ఇరవై ఏడు."

ముప్పై మూడేళ్లుగా 'పులుసు చప్పగా ఉందే' అని వింటున్న గొంతు అది. మా ఆయన! 'పెద్దవాళ్ల లెక్క నిండిపోయింది, ఇరవైల్లో ఉన్నామని చెప్పండి' అని పార్టీ చాట్ గ్రూపుల్లో మెసేజ్‌లు పంపుకుంటున్నారని విన్నాను. మా ఇంట్లోనే ఒకడున్నాడని అనుకోలేదు. పనిలో నా గొంతు వేరు, ఆయన పోల్చుకోలేదు.

"మీరు పుట్టింది ఏ జంతువు ఏడాదండీ?" మా దేశంలో ఏడాదికో జంతువు పేరు, పన్నెండేళ్లకోసారి తిరిగొస్తుంది; దొంగ వయసులు దీంతోనే పట్టేస్తాను.

"పులి," అన్నాడు ఠక్కున, తన అసలు ఏడాదే.

"ఇరవై ఏడుకి పులి రాదండీ. ఎలుక రావాలి."

"అదీ... మా అమ్మ తప్పు చెప్పుంటుంది."

"పాపం, మీ అమ్మగారి మీదికి తోయకండి. ఉంటాను." ఆ జవాబు కొట్టేశాను.

పక్కనుంచి వింటున్న తక్ ఎగిరిపడ్డాడు. "పిచ్చా పిన్నిగారూ? ఇరవై ఏడని తనే చెప్పాడుగా!"

"అరవై ఒకటి. ఆయన నా మొగుడు బాబూ."

ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే మరీ మంచిది. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది."

మిగిలిన అరగంటా ఊపిరాడకుండా ఫోన్లు చేశాను. ఒక్కడూ దొరకలేదు. సర్వే ఒకటి తక్కువతోనే వెళ్లింది. తక్ నా మొహం చూడకుండానే పోలింగ్ రోజు జాబితాలో నా పేరు కొట్టేశాడు.

ఇంటికొచ్చి అన్నం పెడుతుంటే మా ఆయన మొదలెట్టాడు. "ఏమే, ఇవాళ నాకూ సర్వే ఫోన్ వచ్చింది! ఎవత్తో రాక్షసి, పులేంటి ఎలుకేంటి అని కడిగి పారేసింది. ఒళ్లు మండింది గానీ, అలాంటిది ఒకత్తె ఉందంటే ఆ అంకెలు నమ్మొచ్చే."

"ఆ రాక్షసిని నేనే."

చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. జరిగిందంతా చెప్పాను. మొహం పాలిపోయింది మనిషికి.

"నా వల్ల నీ పని పోయిందా?"

"మీ వల్ల కాదు," అన్నాను, తలెత్తి. "నా వల్ల."