మంగ గుండె లెక్క

సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్లో మగ్గాల కార్ఖానాల వెనక ఇరవై రెండు రూముల గల్లీ ఒకటుంది. ఆ గల్లీలో పొద్దున లేచి ఎవరూ గడియారం చూడరు, మంగ గుండె వింటారు. చాయకు మూడు వందల చప్పుళ్లు, అన్నానికి పద్నాలుగు వందలు, పప్పు మెత్తబడాలంటే రెండు వేలు. "ఇంకో అయిదు వందలల్ల బస్సొస్తది, జడ ఏసుకుంటవా లేదా" అని తల్లులు పిల్లల్ని తరుముతుంటారు. మూడో నంబరు రూములో మంగ మాత్రం తన పాటికి తాను ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంటుంది. ఆమె ఎదలోంచి లేచిన చప్పుడు గోడలు దాటి, డాబాలు దాటి పోతూనే ఉంటుంది. సూరత్ మగ్గాలన్నీ ఒక్కసారి మోగినా వాటి మీదుగా అది వినపడేది. గాలి అటు తిరిగితే కిమ్ అనే ఊరి దాకా పోయేది. కిమ్‌లో ఒక దర్జీ దాని తాళానికి మిషన్ తొక్కేవాడు. అతను కుట్టిన చొక్కాకు పదిహేనేళ్లయినా గుండీ ఊడలేదు.

మంగ భర్త రఘుపతి. పక్కన నాలుగో నంబరు రూములో రాజనర్సు. ఇద్దరిదీ సిరిసిల్ల పక్కన ఒకే ఊరు, వచ్చింది ఒకే రైలు, నడిపేది ఒకే పన్నెండు మగ్గాలు. కార్ఖానాలో అలాంటి జంటను జోడీదార్లంటారు. ఒకడు పగలు నడిపితే ఇంకొకడు రాత్రి నడుపుతాడు. రూముల మధ్య కూడా ఒకటే గోడ. ఆ గోడకు అవతల ఏముంటే అది రాజనర్సుకు కావాలి.

కుళ్లు అందరికీ ఉంటుంది. రాజనర్సు కుళ్లు లాంటిది మాత్రం తాపీ నదికి ఈ ఒడ్డున గాని ఆ ఒడ్డున గాని పుట్టలేదు. రఘుపతి కొత్త చెప్పులు కొంటే ఇతని కాళ్లకు బొబ్బలెక్కేవి. రఘుపతి ఇంట్లో తునకల కూర ఉడికితే ఇతనికి మూడు రోజులు అజీర్తి. అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది ఆ గుండె. గల్లీకి గల్లీ మొత్తం పక్కింటామె గుండె మీద బతుకుతోంది. పెళ్లైన కొత్తలో అతను భార్య సారక్క ఎద మీద చెవి పెట్టి చాలాసేపు విని, "నీది వినపడనే వినపడదు గదనే" అన్నాడు.

"ఉన్నది కాబట్టే నీతోటి కాపురం జేస్తున్న," అంది సారక్క.

పోయిన ఏడు రఘుపతి కొడుకు ఓంప్రకాష్ అగ్నివీర్‌గా భర్తీ అయ్యాడు. రఘుపతి గల్లీకంతా పేడా మిఠాయిలు పంచాడు. రాజనర్సు చేతిలో రెండు పెట్టాడు. ఒకటే పెట్టి ఉంటే రాజనర్సు తట్టుకునేవాడేమో.

జోడీదార్లు ఎదురుపడేది షిఫ్టు మారే పది నిమిషాలే. ఆ పది నిమిషాలు రఘుపతికి చాలు.

"నర్సన్నా, ఇగ మాకు రంది లేదు. పాణం బాగలేకుంటే సీదా మిలిటరీ దవఖాన. మంగను జూసి డాక్టరే లేచి సెల్యూట్ గొడ్తడు."

"డాక్టరు నాడి వట్టాలె గాని సెల్యూట్ కొడితే ఎట్ల?"

"నీకు సమజ్ గాదులే. గది ఫౌజ్ ముచ్చట."

దీపావళి దాటాక గల్లీలో అన్నాలు మాడడం మొదలైంది. బియ్యం మారిందన్నారు కొందరు, గ్యాసు మంట ఎక్కువైందన్నారు కొందరు. రాజనర్సుకు మొదటి రోజే తెలిసిపోయింది. ప్రేమ ఉన్నవాళ్లు అలవాటు పడి వినడం మానేస్తారు, కుళ్లుకునేవాడు ఒక్క చప్పుడు కూడా వదలడు. మంగ గుండె వందకొకటి తప్పుతోంది. నెల తిరిగేసరికి యాభైకొకటి తప్పింది. ఆ తర్వాత పాతికకొకటి. ఇక మంగ నీళ్ల బిందె ఎత్తలేక గడప మీద కూర్చుండిపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది, నెలలోపల మార్చాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కదు అన్నాడు డాక్టరు. ప్రైవేటులో ఆరు లక్షలన్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకడు వచ్చి, ముందే ఉన్న రోగానికి మూడేళ్లు ఆగాలి అని చెప్పి చాయ తాగి వెళ్లాడు.

రఘుపతి నవ్వాడు. "మాకెందుకయ్యా పాలసీ? మాది మిలిటరీ." వచ్చే నెల ఓంప్రకాష్ సెలవు మీద వస్తాడు, చేయి పట్టుకుని తీసుకెళ్తాడు, అంతే. ట్రైనింగులో ఉన్న కొడుకు ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేసేవాడు. తిన్నవా బిడ్డా అని మంగ అడిగేది, తిన్ననే అమ్మా నువ్వు తిన్నవా అని వాడు అడిగేవాడు, అక్కడికి టైమైపోయేది.

అదే వారంలో సొసైటీ హాలులో, దవఖాన ఖర్చు సర్కారే పెట్టుకునే ఆయుష్మాన్ కార్డుల క్యాంపు పెట్టారు. అయిదు రోజులు, సాయంత్రం అయిదింటి దాకా. కార్డుకు కావలసిన ఆదాయం దాఖలా కూడా అక్కడికక్కడే ఇస్తున్నారు. బయటైతే ఆ ఒక్క కాగితానికే నెల తిరగాలి. గల్లీ అంతా లైను కట్టింది, రఘుపతి ఇల్లు తప్ప.

రాజనర్సు బిడ్డ సుభాషిణి జిరాక్సు దుకాణంలో పనిచేస్తుంది. మొదటి రోజు సాయంత్రమే ఇంటికొచ్చి చెప్పింది.

"బాపూ, ఓంప్రకాష్ ఫారం ఆన్‌లైన్‌ల నేనే నింపిన గదా. అండ్ల సాఫ్ రాసుంది. సర్వీసుల ఉన్నన్ని దినాలు దవఖాన వానికే. అమ్మ బాపులకు లేదు. నాలుగేండ్ల భర్తీ అది, పాత ఫౌజ్ లెక్క గాదు. మంగ చిన్నమ్మకు గీ క్యాంపుల కార్డు చేపియ్యాలె. నేను పోయి చెప్పొస్త."

రాజనర్సు కళ్ల ముందు వంద టపాకాయలు పేలాయి. మొహం మాత్రం కదల్లేదు. "నువ్వు వద్దు. పోరి మాట వాడు వినడు. నేను జెప్త."

"ఇయ్యాలనే చెప్పు, బాపూ."

"జెప్త అన్న గదా."

ఆ సాయంత్రం చెప్పలేదు. రెండో రోజు తన ఇంటి కార్డు కోసం లైనులో నిలబడి ఉంటే రఘుపతి పక్కనుంచి పోతూ, "నిలవడు నర్సన్నా, మంచిగ నిలవడు, కాళ్లు గట్టివడ్తయ్" అన్నాడు. లైనంతా నవ్వింది. ఆ మాటతో మూడో రోజు పోయింది, నాలుగో రోజూ పోయింది. సుభాషిణి అడిగితే, "జెప్పిన, చేపిచ్చుకుంటరట" అన్నాడు.

అయిదో రోజు కార్ఖానాకు వారపు సెలవు. భోజనం చేసి రాజనర్సు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంగ చావాలని అతను ఎన్నడూ కోరుకోలేదు. రఘుపతి ఒక్కసారి, జన్మలో ఒకే ఒక్కసారి, తన ముందు తల వంచుకుని నిలబడాలి. అందుకు ఒక ఉపాయం తట్టింది. అయిదు దాటాక పోయి చెప్పాలి. అయ్యో తమ్మీ, ఇప్పుడే తెలిసె, క్యాంపు మూసిరి గదరా అనాలి. అప్పుడు రఘుపతి కూలబడతాడు. తర్వాత ఆ దాఖలా కోసం ఆఫీసుల చుట్టూ తానే తిరుగుతాడు, తన చేత్తోనే ఇప్పిస్తాడు. నెల ఆలస్యమైతే గుండె ఆగుతుందన్న సంగతిని ఆ ఉపాయంలో ఎక్కడా కూర్చోనివ్వలేదు.

నాలుగింటి సైరన్ మోగింది. మంగ గుండె గంటకు నాలుగు వేల మూడు వందల ఇరవై సార్లు కొట్టుకుంటుందని గల్లీలో పసిపిల్లకు కూడా తెలుసు. రాజనర్సు గోడకు చెవి ఆనించి ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

"నోట్లె ఏం గొణుగుతున్నవ్?" అంది సారక్క.

"ఏం లే. పండుకోనీ."

వెయ్యి అయింది. రెండు వేలయింది. ఇంత తేలిగ్గా లెక్క సాగడం అతని జీవితంలో ఎప్పుడూ లేదు. మూడు వేలు దాటాక పెదాలు అందుకోలేక మనసులోనే లెక్కపెట్టాడు. తొందరగా కావాలని ఉన్నవాడికి తొందర తెలియదు. నాలుగు వేల మూడు వందల ఇరవై పూర్తయ్యాక లేచి, నూట ఎనభై ఇంకా వదిలి, మొహానికి నీళ్లు కొట్టుకుని, ఆ తడి తుడుచుకోకుండానే మూడో నంబరు తలుపు తట్టాడు. ఏడ్చి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

"తమ్మీ, కొంప మునిగెరా. ఓంప్రకాష్‌ది ఫారం జూసింది మా సుభాషిణి. మిలిటరీ దవఖాన పోరనికేనట. మీ ఇద్దరికి లేదట. క్యాంపుల కార్డన్న చేపిద్దమంటె, అదిప్పుడే మూసిరి."

రఘుపతి మొహం పాలిపోయింది. గోడ పట్టుకున్నాడు. రాజనర్సు ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన తల అది, వంగింది. అంతలో రఘుపతి జేబులోంచి ఫోన్ తీసి చూసి తల ఎత్తాడు.

"యాడ మూసిండ్రు నర్సన్నా? ఇంకా నాలుగున్నర గాలే."

లోపల మంచం మీద మంగ రెండు చేతులూ ఎద మీద పెట్టుకుని ఒగర్చుతోంది. మధ్యాహ్నం నుంచీ ఆమె గుండె పిచ్చి పరుగు పరుగెడుతోంది. గంటలో కొట్టవలసినదంతా అరగంట కాకముందే కొట్టేసింది.

"బావా," అంది మంగ రాజనర్సును చూసి, "నా గుండె నా వశంల లేదు. ఏమనుకోకు."

ఇక ఆ పరుగు చెప్పాలంటే చాలా దమ్ము ఉండాలి. బట్టల తాన్లు మోసే తోపుడు బండి మీద బొంత పరిచి మంగను కూర్చోబెట్టారు. ముందు రఘుపతి లాగాడు, వెనక రాజనర్సు తోశాడు, తోయక తప్పలేదు. ఆ బండి లేపిన దుమ్ము వరాఛాలో వజ్రాలు సానపట్టేవాళ్ల కళ్లలో పడిందంటే చూసుకోండి. ఎదురొచ్చిన టెంపో మురికి కాలవలోకి దిగి దారి ఇచ్చింది. బండి కంటే ముందు గుండె చప్పుడు హాలు చేరింది, అది విని లైను తనంతట తాను రెండుగా చీలింది. కౌంటరు వెనకున్న గుజరాతీ అమ్మాయి, "ఆవో బెన్, అంగూఠా ఇక్కడ పెట్టండి" అంది. అయిదుకు పది నిమిషాలుండగా మంగ వేలిముద్ర పడింది.

మూడో వారంలో కవాటం మార్చారు. నాలుగో రోజుకు మంగ లేచి కూర్చుని సర్వపిండి అడిగింది.

రఘుపతి వార్డులో ఎవరు దొరికితే వాళ్లకు చెప్పుకుంటూ తిరిగాడు. మొదటి రోజు కథలో మా నర్సన్న పరుగెత్తుకొచ్చి తలుపు తట్టాడు. రెండో రోజుకు ఆ నర్సన్న ఫారం సంగతి తెలిసిన క్షణం నుంచి మెతుకు ముట్టలేదు. మూడో రోజుకు క్యాంపు మూయొద్దని ఆఫీసరు కాళ్లు పట్టుకున్నాడు. ఆదివారం ఫోన్‌లో ఓంప్రకాష్, "పెద్దబాపుకు నా సెల్యూట్ చెప్పండ్రి" అన్నాడు.

రాజనర్సు చాయ ఫ్లాస్కు పట్టుకుని తెర వెనక నిలబడి అంతా విన్నాడు. కడుపులో పాత మంటే లేచింది. కాని ఈసారి అది రఘుపతి మీద కాదు. ఎవడీ నర్సన్న? తన పేరు పెట్టుకుని, తన మొహం తగిలించుకుని, ఊరి మర్యాదంతా మింగుతున్నాడు. వాణ్ణి తలుచుకున్నప్పుడు రఘుపతి కళ్లలో కనపడే వెలుగు తన వైపు ఎప్పుడైనా తిరిగిందా? సారక్క కళ్లలోనైనా?

"ఎక్కించిన రక్తానికి బదులు రక్తం ఇయ్యాలెనట," రఘుపతి పక్క మంచం ముసలాయనతో అంటున్నాడు. "నాకు రంది లేదు. మా నర్సన్న ఉన్నడు. అడగకముందే ఇచ్చే మనిషి."

సూది పేరు చెబితే పడిపోయే మనిషి రాజనర్సు. చిన్నప్పుడు బడికి టీకాలవాళ్లు వస్తే మూడు ఊళ్లు దాటి, వాగు దాటి, పక్క తాలూకా దాకా పారిపోయాడు. ఫ్లాస్కు కిటికీలో పెట్టి, రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగాడు. కింద రక్తం తీసే గదిలో సిస్టరు కాగితం మీదికి వంగి ఉంది.

"కిస్ కే లియే?"

"మంగ. మూడో వార్డు. మా జోడీదార్ ఇంటామె." మంచం అంచున కూర్చున్నాడు. "సిస్టర్, ఆమె కోసం నాకన్న ముందు ఎవరన్న వచ్చిండ్రా? నర్సన్న అని?"

సిస్టరు రిజిస్టరు పేజీ తిప్పి చూసింది, ఆ పేరు ఎక్కడా లేదు. "కోయీ నహీ ఆయా."

రాజనర్సు చొక్కా చెయ్యి మోచేయి పైదాకా మడిచాడు. "అయితే జల్ది తియ్యండ్రి," అన్నాడు, "వాడొచ్చేలోపు."