నాలుగు చుట్ల స్టీరింగు

రెండువేల ఇరవైమూడు డిసెంబరు మూడు, ఆదివారం. లక్ష్మప్పకు ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం ఉగ్గాని. కూతురు అనురాధ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి, తానే బొరుగులు తడిపి ఉగ్గాని చేసి, పక్కన వేడి మిరపకాయ బజ్జీలు పెట్టింది. అడగకుండానే మారు వడ్డించింది. ఏదో అడగబోతోందని ఆయనకు అప్పుడే అర్థమైంది.

"నాయినా, అమ్మ కారు ఊరికే నిలబడి తుప్పు పడతాంది. మా ఈదిలో రంగన్న అడుగుతాండాడు. ఇచ్చేద్దాం."

లక్ష్మప్ప బజ్జీని కంచంలో పెట్టేశాడు. ఆ కారు ఆయన భార్య మహాదేవమ్మది. పెద్దకడుబూరు బడిలో టీచరుగా ఉన్నన్నాళ్ళూ ఆమె ఆదోని నుంచి దాన్లోనే పోయి వచ్చేది. కాలేజీలో చరిత్ర చెప్పే లక్ష్మప్ప సెలవు రోజుల్లో పక్క సీటులో కూర్చునేవాడు. అద్దం దించడం, ఎత్తడం ఆయన పని. ఆమె పోయాక కూడా వారానికోసారి కారెక్కి, పక్క సీటులోంచే చెయ్యి చాపి స్టార్టు చేసి, కాసేపు ఇంజను చప్పుడు విని దిగి వస్తున్నాడు.

"అమ్మొద్దు. నేను తోలుతాను," అన్నాడు.

"నువ్వా? సైకిలు దిగాలంటే నీకు అరుగు కావాల కదా నాయినా."

"నాకు లైసెన్సు ఉంది."

"అమ్మ పోరు పడల్యాక తీసుకుంటివి. ఆ ఫోటోలో కూడా భయపడతానే ఉండావు." అనురాధ తండ్రి మొహం చూసి కాస్త మెత్తబడింది. "సరే. మా ఊరి జాతర లోపల ఒక్కడివే ఎమ్మిగనూరుకు తోలుకోని రా. వస్తే కారు నీది. ల్యాకుంటే రంగన్నది. మళ్ళా మాట మార్చేది ల్యా."

ఆదోని బజారులో ఆటోల మధ్య నేర్చుకోవడానికి లక్ష్మప్పకు గుండె చాలలేదు. పాత శిష్యుడు రామాంజి ఒక బట్టల కొట్టు మేడమీద గేమ్ సెంటరు నడుపుతున్నాడు. అక్కడ రేసుకారు సీటు, స్టీరింగు, కాళ్ళ దగ్గర మూడు పెడల్లు, ఎదురుగా పెద్ద తెర ఉన్నాయి.

"ఈడ ఎంతమందిని గుద్దినా కేసు ల్యాదు సార్. ధైర్యంగా కూచోండి," అన్నాడు రామాంజి.

మొదటి రోజు లక్ష్మప్ప ఒక్క గోడను కూడా వదల్లేదు. తర్వాత చెయ్యి తిరిగింది. ఎంతటి మలుపైనా మణికట్టు ఇంత కదిలిస్తే చాలు, కారు పాములా జారిపోయేది. ఆయన తోలుతుంటే ఇంటరు పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. రామాంజి ఆయన పేరును గోడ మీద, రేసులో గెలిచినవాళ్ళ పట్టీలో, మూడో స్థానంలో రాశాడు. ఆ పేరు చూసుకోవడానికే లక్ష్మప్ప ఒకటి రెండుసార్లు పనిలేకపోయినా మేడెక్కాడు.

ఇక రోడ్డు మీదికి పోదామనుకున్నారు. రామాంజి పక్కన కూర్చున్నాడు. పత్తి మార్కెట్టు దాకా అంతా సవ్యంగానే సాగింది. అక్కడ మలుపు వచ్చింది.

"సార్, తిప్పండి."

"తిప్పినానప్పా."

"తిప్పలేదు సార్."

"తిప్పినాను, చూడు," అని లక్ష్మప్ప మణికట్టు మళ్ళీ కదిలించి చూపించాడు. కారు మాత్రం ఏ తొందరా లేకుండా, దారి తెలిసినదానిలా, తిన్నగా పోయి పత్తి బోరాల కుప్పలో ముక్కు దూర్చి ఆగింది.

బోరాల వెనక బీడీ తాగుతున్న హమాలీ దుర్గప్ప లేచి వచ్చాడు. "పత్తి ఒత్తే ప్రెస్సింగు మిల్లు ఆ పక్కనుంది సార్. ఈడనే ఒత్తితే ఎట్లా?"

దుర్గప్ప కారును వెనక్కి నెట్టి, బానెట్టు మీది పత్తిని చేత్తో తుడిచాడు. "పత్తి గాబట్టి సరిపాయ. పోయిన వారం ఇదే తావులో బండలు దించినారు," అని తిరిగి బీడీ దగ్గరికి పోయాడు. ఆ మనిషి తిట్టలేదు. లక్ష్మప్పకు అదొక్కటే ఊరట.

స్టీరింగు పాడైందని రామాంజి అన్నాడు. మెకానిక్కు చూసి, కారులో ఏ లోపమూ లేదన్నాడు. అంటే లోపం తనదే. ఆ సాయంత్రం లక్ష్మప్ప షెడ్డులో పక్క సీటులో కూర్చుని, రంగన్నకు ఫోను చేద్దామా అనుకున్నాడు. చూపు ఖాళీ సీటు మీదికి పోయింది. పెద్దకడుబూరు దారిలో పెద్ద మలుపు వస్తే మహాదేవమ్మ ఒక చేతి మీదుగా ఇంకో చెయ్యి వేస్తూ, బావిలోంచి చేంతాడు లాగినట్టు స్టీరింగు తిప్పేది. గాజులు మోగుతూనే ఉండేవి. మలుపు దాటాకే ఆగేవి. గేములో తానెప్పుడూ అంతసేపు తిప్పలేదు. అసలు చెయ్యి మీద చెయ్యి వేసే పనే పడలేదు.

మర్నాడు పొద్దున్నే రామాంజిని ఇంటికి పిలిపించాడు. అల్లుడి మగ్గాల నుంచి వచ్చిన ఎర్ర నూలుపోగు ఒకటి స్టీరింగు నడినెత్తిన కట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పమన్నాడు. నిలబడిన కారు కావడంతో రామాంజికి చెమటలు పట్టాయి. ఎర్రపోగు నాలుగుసార్లు చుట్టి వచ్చింది.

"నీ గేములో ఎంతప్పా?"

రామాంజి తల గోక్కున్నాడు. "ముక్కాలు చుట్టు సార్. రేసుకారుకు అట్లే పెడతారు. ఇంచుక కదిలిస్తే టైరు శానా తిరగాల. మీరు అదే నేర్చుకున్నారు."

"అయితే నాలుగు చుట్లు పెట్టు."

"మన గేము స్టీరింగు రెండున్నర చుట్లు మించి తిరగదు సార్." రామాంజి ఎర్రపోగు కేసి చూశాడు. "ఒక పని చేస్తా. స్టీరింగు ఇంత తిప్పితే టైరు ఎంత తిరగాలనేది మీ కారు మాదిరే పెడతా. రెండున్నర చుట్లకు టైరు ఎంత తిరిగితే అంతే. మామూలు మలుపులన్నీ వస్తాయి. యూటర్న్ మాత్రం రాదు."

"నాకెందుకప్పా యూటర్న్. ఎమ్మిగనూరుకు పోవాల, అంతే."

రామాంజి మార్చి పెట్టాడు. ఇప్పుడు తెరమీది డ్రైవరు బొమ్మ చేతులు, లక్ష్మప్ప చేతులు కలిసి కదిలాయి. ముందు ఆయన ఒకవైపు, బొమ్మ ఇంకోవైపు పని చేస్తున్నట్టుండేది. కాకపోతే రేసులో ఆయన అందరికంటే వెనకబడ్డాడు. ప్రతి మలుపుకూ రెండు చేతులతో లాగుతుంటే ఇంటరు పిల్లలు నీరుగారిపోయారు.

"సార్ ఎద్దుల బండి తోలుతాండాడు రా."

"ఎద్దులకు నీళ్ళు పెట్టేకి నిలబడతాడేమో చూడు."

గోడ మీద మూడో స్థానం పోయింది. లక్ష్మప్ప అడిగి మరీ చెరిపించుకున్నాడు.

జాతర రేపనగా ఒంటరిగా బయలుదేరాడు. మార్కెట్టు మలుపులో చెయ్యి మీద చెయ్యి వేసి లాగాడు. కారు తిరిగింది. దుర్గప్ప ముందుజాగ్రత్తగా బోరాల వెనక్కి పోయి నిలబడ్డాడు, అక్కణ్ణుంచే చెయ్యెత్తాడు. ఊరు దాటాక వెనక ఒక లారీ తగులుకుంది. హారను కొట్టి కొట్టి విసిగి, చివరికి నోరు మూసుకుని వెంట వచ్చింది. సగం దారిలో గొర్రెల మంద అడ్డం పడింది. అప్పుడు మాత్రం లక్ష్మప్పకు నిజంగానే భయం వేసింది. ఇంటికి పోదామనుకున్నాడు. వెనక్కి తిప్పడం రాదని గుర్తొచ్చింది. వేరే దారి లేక ముందుకే పోయాడు.

అనురాధ ఇంటి ముందు రంగన్న అప్పటికే కాచుకుని ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుండాది సార్ బండి," అన్నాడు.

"బాగుండాది కదప్పా. అందుకే ఇయ్యడం ల్యా."

అనురాధ చెంబుతో నీళ్ళు తెచ్చి, తండ్రి చేతుల మీద తానే పోసింది. కొర్రన్నం, పప్పు పెట్టింది. తిన్న వెంటనే లక్ష్మప్ప మంచం మీద వాలిపోయాడు.

చీకటి పడ్డాక మెలకువ వచ్చింది గానీ కళ్ళు తెరవలేదు. బయట అల్లుడు ఉరుకుందు, కూతురు కలిసి కారును నూలు షెడ్డులోకి నెడుతున్నారు.

"లేపితే ఆయనే పెడతాడు కదా," అన్నాడు ఉరుకుందు.

"వద్దు, పండుకోనీ. ఆ పక్కకి తిప్పు. ఇంకా తిప్పల్ల."

"ఎంతసేపు తిప్పాల ఇది?"

"ఆయన తిప్పుకోని వచ్చినాడు ల్యా ఆదోని నుంచి. తిప్పు."

తెల్లారి ఏ ఊరికి పోతాడో ఈయన అని ఉరుకుందు మెల్లగా అడిగాడు. యాడికన్నా పోనీ, కారు ఆయనదే కదా అంది అనురాధ. తర్వాత షెడ్డు తలుపు కిర్రుమనకుండా కొంచెం పైకెత్తి పట్టుకుని, గడియ వేళ్ళతో ఆపి, మెల్లగా మూసింది.