ఫెర్మిన్ ఒప్పుకున్నాడు

కార్దెనాస్ ఊరి పార్కులో బెంచీల దగ్గర చేరే ముసలాళ్లకు పనీపాటా లేదనుకుంటే పొరపాటే. వాళ్లకు బేస్‌బాల్ ఉంది. పొద్దున్నే కాఫీ తాగి వచ్చారంటే ఎండ నెత్తికెక్కేదాకా ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. కొత్తవాళ్లు చూస్తే, ఇంకాసేపట్లో కొట్టుకుంటారని భయపడి పక్కకు తప్పుకుంటారు. కానీ ఎవరూ కొట్టుకోరు. మర్నాడు అదే మాట దగ్గర మళ్లీ మొదలుపెడతారు.

ఆ బెంచీల పక్కనే నెరెయిదా కాగితపు పొట్లాల్లో వేరుశెనగలు అమ్ముతుంది. ఆమెకు ఆట మీద పెద్ద మోజు లేదు గానీ ఆ వాదన మాత్రం కంఠతా వచ్చు. అది ఆమె నాన్న గురించిన వాదన మరి. అర్హేలియో సెపెరో వయసులో ఉండగా ప్రాంతపు జట్టులో, మైదానానికి వెనక మధ్యలో నిలబడి కాచే సెంటర్ ఫీల్డ్ ఆడాడు. బ్యాట్ చప్పుడు చెవిన పడగానే వెనక్కి తిరిగి, బంతి వంకైనా చూడకుండా పరిగెత్తేవాడు. సరిగ్గా అది దిగే చోట గ్లవ్ చాచి నిలబడేవాడు. అలాంటి ఆట మళ్లీ చూడలేదని, అతన్ని రోజూ తిట్టే ఫెర్మిన్ కూడా ఒప్పుకుంటాడు. పేచీ అంతా ఒక్కదాని దగ్గరే: అంత ఆట వచ్చినవాడు గొప్పవాడా, కాదా?

ఫెర్మిన్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. హారన్ పాడైన రోజుల్లో గొంతుతోనే దారి చేసుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ గొంతుతో రోజూ శాంటా క్లారాలో ఓడిన ఫైనల్‌ని తవ్వి తీసేవాడు.

"దూకాలిరా! మనం ఒక్క పరుగు ముందున్నాం. ఇంకొక్కణ్ని ఔట్ చేస్తే కప్పు మనది. బంతి ఎదురుగా కిందికి దిగిపోతోంది. గొప్పవాడైతే దూకి పడతాడు. ఈయనగారేం చేశాడు? ఆగాడు! బంతి నేలమీద పడి లేచాక, పాదిరి చేతిలో రొట్టె అందుకున్నట్టు మర్యాదగా అందుకున్నాడు!"

మంగలి ఎవేలియో ఊరుకునేవాడు కాదు. "దూకి అందకపోతేనో? బంతి గోడ దాకా దొర్లిపోయేది. బేసుల మీదున్న అవతలివాళ్లిద్దరూ పరుగులు పూర్తిచేసేవాళ్లు. ఆట అక్కడితో సరి. ఈయన ఆగబట్టే ఒక్కడే పరుగు తీశాడు, స్కోరు సమమైంది. బుర్రున్నవాడు చేసే పని అది."

"సమమైతే ఏం ఒరిగింది? తర్వాతి ఇన్నింగ్స్‌లో ఓడాంగా! మనల్ని నింపాదిగా ఓడించాడు మీవాడు."

వాదన ఎవరి గురించో ఆ మనిషి నోరు విప్పకూడదన్నది ఆ బెంచీల కట్టుబాటు. అందుకని అర్హేలియో టోపీ ఒళ్లో పెట్టుకుని, కూతురి వేరుశెనగలు నములుతూ అన్నీ వినేవాడు. తీర్పు చెప్పాలంటే ఒక్కరు కూడా కాదనకూడదు. ఫెర్మిన్ ఉన్నంతకాలం అది జరిగే పని కాదు. అయితే ఆటగాడు చనిపోతే మాత్రం ఆ రోజు అందరూ లేచి నిలబడి, గొప్పవాడని ఏకకంఠంతో అనేస్తారు. ఆ తర్వాత అతని మీద ఎవరూ పేచీ పెట్టరు. అసలతని ప్రస్తావనే తీసుకురారు.

"ఇవాళ ఫెర్మిన్ నన్ను ఉతికి ఆరేశాడే!" అని ఇంటికి నడుస్తూ అర్హేలియో నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏదో బాధ దాచుకుంటున్నాడని నెరెయిదా అనుకునేది. తండ్రి తరఫున ఆమెకే ఎక్కువ రోషం.

వానాకాలం మొదట్లో అర్హేలియోకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముక్కలైపోయింది. నెరెయిదా మధ్యాహ్నం ఇల్లు చేరగానే ముందు ఒకటే అడిగేవాడు.

"ఫెర్మిన్... ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు నాన్నా. ఇవాళ వేరేవాళ్ల గురించి మాట్లాడుకున్నారు" అని ఆమె అబద్ధమాడేది. తండ్రి ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. ఇంకా తిడుతూనే ఉన్నారని తెలిస్తే ఈ స్థితిలో తట్టుకోలేడని ఆమె భయం. గుండె కూడా నీరసించిందనీ, ఇక ఎక్కువ ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పిన రోజున ఆమె నేరుగా ఫెర్మిన్ ఇంటికి వెళ్లింది.

"బాబాయ్, ఒక్కసారి వచ్చి ఆ మాట అనేసెయ్. గొప్పవాడివని."

"అది నావల్ల కాదమ్మా. దూకలేదు కదా వాడు!"

"నాన్న పోతున్నాడు బాబాయ్. నీ నోటి నుంచి వినాలనే రోజూ నీ పేరు తలుచుకుంటున్నాడు. నీ పట్టుదల నువ్వే ఉంచుకుని ఏం చేసుకుంటావ్?"

"సరేలే, వస్తాను" అన్నాడు ఫెర్మిన్ చివరికి.

మర్నాడు సాయంత్రం ఎవేలియోని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. నెరెయిదా తండ్రిని లేపి దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. ఫెర్మిన్‌ని చూడగానే అర్హేలియో కళ్లు వెలిగాయి. ఎన్నాళ్లకో ఆ ముఖంలో ప్రాణం కనిపించి ఆమె గుండె పొంగిపోయింది. తను చేసింది మంచిపనే అనుకుంది.

"అర్హేలియో, పార్కులో అందరం ఒప్పుకున్నాం" అన్నాడు ఫెర్మిన్. గొంతు ఎంత మెత్తగా ఉందంటే ఎవేలియో కూడా అతని వైపు చూశాడు. "నువ్వు గొప్పవాడివి. కాదనేవాళ్లు ఎవరూ లేరు."

అర్హేలియో ఇంకా ఏదో వస్తుందన్నట్టు ఫెర్మిన్ నోటి వైపే చూస్తున్నాడు.

"శాంటా... క్లారా?"

"దానిదేముందిలే. నీ స్థానంలో ఎవరున్నా ఆగేవాళ్లే."

"దూక... లేదు."

"దూకక్కర్లేదురా. నువ్వు చేసిందే సరైన పని."

అర్హేలియో ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఫెర్మిన్‌ని, ఎవేలియోని, వాళ్ల ఇస్త్రీ చొక్కాలని ఒకసారి చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"ఇంక... ఎన్నాళ్లే?"

పార్కులో ఎవరి విషయంలో అందరూ ఒక్కటవుతారో నెరెయిదాకు తెలియనిది కాదు. తెలిసీ చేతులారా ఈ పని చేసింది. రోజూ ఇంట్లోకి అడుగుపెట్టగానే తండ్రి అడిగింది తీర్పు గురించి కాదు, తిట్ల గురించి. తను ఇంకా ఆ బెంచీ మీద ఉన్నాడా అని అడిగాడు. ఆమె అతన్ని అక్కణ్ణించి దించేసింది.

వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోయారు. వీధి మలుపు దగ్గర ఆమె పరిగెత్తుకెళ్లి ఫెర్మిన్ చొక్కా పట్టుకుంది.

"వెనక్కి రా బాబాయ్. వచ్చి తిట్టు. పార్కులో ఎలా తిడతావో అలా తిట్టు!"

"నువ్వేగా తల్లీ వద్దన్నావు?"

"బుద్ధిలేక అన్నాను. నీకు దణ్ణం పెడతాను, రా."

ఫెర్మిన్ వచ్చాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, రెండు చేతులూ పైకెత్తాడు.

"ఒరే అర్హేలియో! ఇందాక ఈ పిల్ల ఏడుస్తోందని అలా అన్నాను. నువ్వు గొప్పవాడివేంట్రా? దూకాల్సింది! కప్పు చేతిలోకొచ్చాక వదిలేసిన... చచ్చు దద్దమ్మ..."

ఎత్తిన చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. ఊరంతటి చేతా బస్సుకు దారి ఇప్పించిన ఆ గొంతు పక్కగదికి కూడా వినిపించలేదు.

అర్హేలియో బాగున్న ఎడమ చేయి దుప్పటి మీద కొద్దిగా లేపాడు.

"వద్దులే... ఫెర్మిన్. నీకు... రావట్లేదు."

ఫెర్మిన్ మంచం మీద కూర్చుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "దూకాల్సిందిరా" అని ఇంకోసారి ప్రయత్నించాడు. అది కూడా ఓదార్పులాగే వినిపించింది.