పురానాపూల్ కింద బంగారం

లాల్‌దర్వాజా సాయిలు కొయ్యపళ్లెంలో బంగారం మెరిసిన రోజున పాతబస్తీలో సగం మందికి మతి పోయింది. మిగతా సగానికి అంతకుముందే లేదనుకోండి. కొత్త రాష్ట్రం వస్తుందా రాదా అని హోటళ్లలో గొంతులు చించుకుంటున్న రోజులవి. ఆ లొల్లి కూడా ఒక్క పూటలో చల్లబడింది.

సరాఫా గల్లీలో కంసాలి దుకాణాల ముందు మట్టి ఊడ్చుకొచ్చి, మూసీలో కడిగి, రాలిన బంగారు రజను ఏరుకోవడం సాయిలు పని. వానలు వెలిశాక ఒకనాడు, నలుగురూ చూస్తుంటే సరదాకి ఏటి ఇసుక పళ్లెంలోకి తీశాడు. తళుక్కుమంది. తెల్లారేసరికి పురానాపూల్ వంతెన కింద చాటలు, జల్లెడలు, గంపలు. చెత్త కడిగేవాడని ఎడంగా జరిగిన పెద్దమనుషులే సాయిలన్నా అంటూ కుర్చీ వేశారు.

దుకాణాల మట్టి కడిగిన పళ్లేన్ని సూదితో గీకి శుభ్రం చేయనిదే వేరే మట్టికి వాడొద్దని తండ్రి నేర్పిన పద్ధతి. ఆ రోజు గీకలేదని సాయిలుకు ఆలస్యంగా గుర్తొచ్చింది. ఇంటికొచ్చి పళ్లెం నెర్రెలో సూది పెట్టాడు. ఇంకా రజను రాలింది. అంచులు పదునుగా ఉన్నాయి. ఏరు అరగదీసింది కాదు, కంసాలి ఆకురాయి రాల్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు పొద్దున మళ్లీ కుర్చీ వేశారు, కూర్చున్నాడు.

పక్కింటి ఆండాలు మొగుడు పోయాక ఒక్క బర్రె పాలతోనే ఇల్లు నడుపుతోంది. తన గుంటలో ఇసుక తవ్వే కూలీలకు డబ్బులివ్వడానికి ఆ బర్రెను అమ్మేసింది. కొన్నవాడొస్తే సాయిలును పిలిచింది.

"నీ చెయ్యి మంచిదన్నా. పలుపు నువ్వే అందియ్యి."

అందించాడు. బర్రె గల్లీ మలుపు దాకా వెనక్కి తిరిగి అరుస్తూనే ఉంది. ఆ తర్వాత సాయిలుకు అన్నం సయించలేదు, కుర్చీ ముళ్లలా గుచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం పూల్ కింద జనం నడుమ నిలబడ్డాడు.

"గా బంగారం ఏటిది కాదు. నా పళ్లెంల ఇరికిన దుకాణాల రజను. ఇండ్లకు పోన్రి."

జనం పగలబడి నవ్వారు. అంతా ఒక్కడే తోడుకుందామని ఎత్తు వేశాడన్నారు. మళ్లీ వంగి తవ్వకంలో పడ్డారు. ఆండాలు ఒక్కతే నడుం ఎత్తి, తడి చేతులతో దగ్గరికొచ్చింది.

"నా బర్రెను పట్టిచ్చిన నాడే నీకు ఎరుకేనా?"

లేదు అన్న మాట నాలుక మీదే ఉంది. సాయిలు దాన్ని మింగేశాడు.

"ఎరుకే."

తిడుతుందని నిలబడ్డాడు. తిడితే బాగుండేది. ఆమె గంప దులుపుకుని గట్టెక్కి వెళ్లిపోయింది.

ఆమె వదిలిన గుంట నాదంటే నాదని ఇద్దరు కొట్టుకున్నారు. తగవు తీర్చమని అందరూ కలిసి సాయిలన్నను పిలిచారు.