బొటనవేలి అదును

పైడయ్య గంజి వారుస్తున్నాడు. మూత మీద గుడ్డ వేసి, బొటనవేళ్లు రెండూ అదిమిపెట్టి గిన్నె వంచాడు. ఆవిరి కుడిచేతి వేలిని చుట్టుకుంది. గిన్నె దింపాక చూసుకుంటే వేలి చర్మం ఎర్రగా కమిలి ఉంది. నొప్పి మాత్రం తెలియలేదు. షుగరు వచ్చాక మెల్లగా ఆ వేలు మొద్దుబారింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య తవిటమ్మ పోయి రెండేళ్లయింది.

అతనికి పేరు తెచ్చింది ఆ వేలే. ముప్ఫై ఏళ్లు విశాఖపట్నంలో ఒక కాలేజీలో మొక్కల లేబొరేటరీ అటెండరుగా చేశాడు. మొగ్గలోని పుప్పొడి తిత్తుల్ని గాజుపలక మీద రంగుచుక్కలో నలిపి, పైన పల్చటి గాజురేకు పెట్టి, బ్లాటింగ్ కాగితం కప్పి బొటనవేలితో నొక్కాలి. తక్కువ నొక్కితే కణంలో క్రోమోజోములు కుప్పపడి లెక్కకు అందవు. ఎక్కువైతే కణం పగిలి చెల్లాచెదురవుతాయి. ఆ అదును పైడయ్య వేలికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనేవారు. "ఆరుగురు పీహెచ్‌డీ డాక్టర్లయిపోనారు, నాకు ఏలు కాయగాసింది," అని అతనే నవ్వించేవాడు. రిటైరయ్యాక మల్కాపురంలోని ఈ రెండు గదులకు వాళ్లలో ఒక్కరూ రాలేదు.

అయిదు మొగ్గలున్నాయి, నొక్కిపెట్టమని నిన్న శ్రీసత్య ఫోన్ చేసింది. గోదావరి నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరిన వాళ్ల అమ్మాయి, రీసెర్చి చేస్తోంది. అతని ఉద్యోగం ఆఖరి ఏడాదిలో ఆ లేబొరేటరీలో చేరింది. ఇవాళ పొద్దుటే బస్సు దిగి, పాత మైక్రోస్కోపు తువ్వాలులో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది.

"అన్నం తిన్నారా బాబాయ్?"

"ఇప్పుడే వార్సేను. మొగ్గలెన్ని తెచ్చేవ్?"

"రెండు."

"అయిదన్నావ్ గదా?"

"మూడు నేనే పాడు చేశానండి. అన్నీ కుప్పలే."

"అట్టు మీద అట్టేసేవేటి?"

"అట్లయితే తినడానికైనా పనికొచ్చేవి."

ఆమె తంటా అతనికి తెలుసు. చేలో పండే నువ్వునీ సముద్రపొడ్డు ఇసుకలో పాకే అడవి నువ్వునీ కలిపి ఒక మొక్క పుట్టించింది. అటునుంచి పదమూడు క్రోమోజోములు, ఇటునుంచి పదహారు. దేనికీ జత లేక మొక్క పూసింది గాని కాయలేదు. చిగుళ్ల మీద మందు వేస్తే ఒకే ఒక్క కొమ్మలో అవి రెట్టింపయ్యాయి. ఇప్పుడు ప్రతిదానికీ జత ఉంది. అవి మొగ్గలో నిజంగా జతకడతాయా, లేదా? కడితేనే విత్తనం నిలుస్తుంది. ఆ కొమ్మ ఎండిపోయింది. మిగిలినవి ఈ రెండు మొగ్గలే.

పైడయ్య స్పిరిట్ దీపం వెలిగించాడు. సూది ఆడింది, రంగు పట్టింది, పలక వెచ్చబడింది. చేతులు ఏదీ మరిచిపోలేదు. బ్లాటింగ్ కాగితం కప్పి వేలు ఆనించాడు. ఇదివరకు గాజురేకు కుదురుకునే క్షణం వేలికే తెలిసేది, అక్కడే ఆగేవాడు. ఇవాళ గోడని నొక్కుతున్నట్టుంది. ఇంకొంచెం నొక్కాడు. మరికొంచెం.

శ్రీసత్య లెన్సులో కన్నుపెట్టి చాలాసేపు చూసింది.

"ఎలగుంది?"

"బాగానే ఉంది బాబాయ్."

"ఇటు జరుగు."

చూశాడు. పగలని కణం ఒక్కటీ లేదు. ముగ్గు మీద కోళ్లు తిరిగినట్టుంది.

ఆమె రెండో మొగ్గని చిన్న గిన్నెలో అతని ముందుకు జరిపింది. "ఇది కూడా మీరే చెయ్యండి."

పైడయ్య ఆమె మొహంలోకి చూశాడు. మూడేళ్ల కష్టం అంతా ఆ ఒక్క మొగ్గలో ఉందని తెలిసే ఇస్తోంది. ఔనంటే ఇంకో పావుగంట ఈ ఇంట్లో అతను పాత పైడయ్యే.

"నీ ఏలెట్టు," అన్నాడు.

"నా వల్ల కాదండి."

"నాకు సూపుంది, నీకు ఏలుంది. ఎట్టు."

నొక్కింది. అతను పక్కకి ఒంగి కాగితానికి పాకే రంగుని చూస్తున్నాడు. "ఊపిరి బిగబట్టకు. ఏలు తిప్పకు, నిలువుగా దింపు. ఇంకాస్త. దింపు... సాలు, ఒగ్గీ."

ఈసారి ఆమె చూస్తూ చూస్తూ లెక్క మొదలుపెట్టింది. తప్పి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఇరవై ఏడు జతలు, బాబాయ్. నాలుగు మాత్రం విడిగా ఉన్నాయి."

పైడయ్య చూశాడు. విశాలంగా పరుచుకున్న కణం, ముగ్గుచుక్కల్లా జతలు. వారగా నాలుగు, దేనికది.

"ఈ నాలుగూ ఏటవుతాయ్?"

"చెప్పలేమండి. మళ్లీ ఇలాంటి మొక్క కాస్తే కొన్ని గింజల్లోకి వెళ్తాయి, కొన్ని దారిలోనే పోతాయి. గింజ గింజకీ లెక్క మారిపోతుంది. అయినా జతలు కనపడ్డాయి కదా, ఇంతకాలం అదే తెలియలేదు." ఆమె మొహం వెలిగిపోతోంది. "నాకు చెయ్యి కుదిరింది బాబాయ్. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టే పని లేదు."

"మంచిదే గదా తల్లీ."

ఆమె పుస్తకం తెరిచి కణం బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టింది. ఒక కన్ను లెన్సులో, ఒక కన్ను కాగితం మీద. పైడయ్య పాడైన పలకని తుడిచి పెట్టెలో పెట్టాడు. దీపం ఆర్పాడు. తను చెయ్యడానికి ఇంకేముందా అని గదంతా ఒకసారి చూశాడు, ఏమీ కనపడలేదు. చొక్కా తొడుక్కుని, ఆమె వెనకనుంచి నడిచి, తన ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయాడు.